క్లాసులో ఎవడూ అరవలేదు

ఢిల్లీ కంటోన్మెంటు స్టేషన్‌లో దిగేసరికి పొద్దున్న తొమ్మిది దాటింది. జూన్ నెల. నల్ల ట్రంకు పెట్టె, పక్కచుట్ట, భుజాన సంచి. ప్లాట్‌ఫారం రేకు కింద నిలబడ్డా బూట్ల అడుగున వేడి తగులుతోంది. బయట మా లారీ ఉంది. డ్రైవరు బీహారు వాడు. పెట్టె అందుకుంటూ, "ట్రైనింగ్ వింగేనా హవల్దార్ సాబ్? ఎక్కండి. అక్కడ నీళ్లు తప్ప అన్నీ దొరుకుతాయి" అన్నాడు.

గేటు దాటాక రెండు పక్కలా తుమ్మచెట్లు. గోడ మీద ఒక నెమలి నోరు తెరుచుకుని రొప్పుతోంది. తలమీదుగా పాలం ఎయిర్‌పోర్టు విమానాలు కిందికి దిగుతున్నాయి. ఆఫీసులో కాగితం చూపించాను. గుమాస్తా ముద్ర వేసి, రెండో షెడ్డుకి పొమ్మన్నాడు.

రేకుల షెడ్డు. ఇంకా లోపలికి అడుగు పెట్టలేదు, గొంతు వినబడింది.

"కోయీ శక్?"

ఎవరికైనా సందేహం ఉందా అని. షెడ్డంతా ఒక్క గొంతుతో, "నహీ, ఉస్తాద్!" అంది.

గొంతు మళ్లీ అందుకుంది. ఇంతలో విమానం వచ్చింది. గొంతు మాట మధ్యలో ఆగింది. విమానం పోయాక, ఆగిన అక్షరం దగ్గరే మొదలైంది. ఒక్క ముక్క ముందుకు లేదు, వెనక్కి లేదు.

పెట్టె కింద పెట్టాను. ఆ గొంతు నాకు తెలుసు.

మా పద్ధతి ఒకటి చెప్పకపోతే మీకు మిగతాది అర్థం కాదు. సైన్యంలో ఏది నేర్పినా పాఠం కంఠతా ఉంటుంది. సబక్ అంటాం. నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటాం, సీనియర్నీ అలాగే పిలుస్తాం. తుపాకీ విప్పడమైనా, గాయానికి కట్టు కట్టడమైనా ఉస్తాద్ ముందు నోటితో చెబుతాడు. తర్వాత చేసి చూపిస్తాడు. దాన్ని నమూనా అంటాం. జవాన్లు నమూనా అడిగితే ఎంత పెద్ద ఉస్తాదైనా కాదనకూడదు, అది కట్టుబాటు. చివర్న కోయీ శక్ అని అడుగుతాడు. శక్ ఉందని చెయ్యెత్తినవాణ్ణి నేను చూడలేదు. ఎత్తితే వాడొక్కడే కాదు, స్క్వాడంతా ఎండలో మైదానం చుట్టూ పరుగెత్తాలి. అందుకని అందరం లేదనే అంటాం. అర్థమైనవాడూ అంటాడు, కానివాడూ అంటాడు. హిందీ ఒక్క ముక్క రానివాడు అందరికంటే గట్టిగా అంటాడు.

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. పాఠాలు ఎలా తయారు చేస్తారో నాకేం తెలుసు? కానీ ఒకసారి విన్న మాట నా చెవిలోంచి పోదు.

అంతకు కొన్నేళ్ల ముందు మేం సరిహద్దు కొండల్లో, ఎత్తు మీద ఒక పోస్టులో ఉండేవాళ్లం. గట్టిపడ్డ మంచు. గాలి రాళ్లని ఊడబెరికేది. కాళ్లకి మూడు పొరల ప్యాంట్లు, పై ప్యాంటుకి తొడ మీద పెద్ద జేబు. మా మెషిన్ గన్ను మీద ఉండేవాడు అప్పలస్వామి. బొబ్బిలి పక్క వాడు. కొండెక్కితే వాడికి కడుపులో తిప్పేది. బుగ్గలో చింతపండు పెట్టుకుని చప్పరించేవాడు. నాకూ చిటికెడు పెట్టేవాడు, పెడుతూ, "ఇది సర్కారోరి రేషను కాదు, దాసుకో" అనేవాడు.

ఒక మధ్యాహ్నం అవతలివైపు నుంచి ఫిరంగి గుళ్లు పడ్డాయి. నేను పై మోర్చాలో, అంటే పై బంకరులో ఉన్నాను. కింద మోర్చాలో అప్పలస్వామి, వైర్‌లెస్ ఆపరేటరు. ఆపరేటరు రాజస్థాన్ పిల్లవాడు, బక్కపలచన, మాటకారి. సెట్టులో వాడి గొంతు వచ్చింది. "ఒకడికి దెబ్బ. తొడ. రక్తం చాలా."

"పట్టీ కట్టు. గాయానికి పైన. గట్టిగా" అన్నాను.

ఆ పట్టీ అంటే వెడల్పాటి బెల్టులాంటిది. మధ్యలో చిన్న పుల్ల ఉంటుంది. బెల్టు తొడకి చుట్టి, పుల్ల తిప్పుతూ పోతే బిగుస్తుంది. రక్తం ఆగేదాకా తిప్పాలి. అది చేసే నొప్పి గాయం నొప్పికంటే ఎక్కువ.

"కట్టాను ఉస్తాద్. ఆగింది" అన్నాడు. తర్వాత, "అరుస్తున్నాడు ఉస్తాద్" అన్నాడు.

సెట్టులో ఆ అరుపు నాకూ వినబడింది. "ఒగ్గీరా బావూ, ఒగ్గీ. కాలిరిగిపోతంది." వదిలెయ్యమని. ఆపరేటరుకి ఆ మాటలు తెలియవు. అరుపు మాత్రం తెలిసింది.

"అరవనీ" అన్నాను. ఆ మాట వాడికి చేరలేదు. పక్కన పడ్డ గుండుకి ఏరియల్ తెగింది.

గుళ్లు ఆగాక దిగాను. అప్పలస్వామి గోడకి ఆనుకుని ఉన్నాడు. పట్టీ తొడమీదే ఉంది, క్లాసులో గోడకి వేలాడదీసే బొమ్మలో ఉన్నట్టే, ఎంతో ముచ్చటగా. పుల్ల మాత్రం వెనక్కి తిరిగి ఉంది. ఆపరేటరు మోకాళ్ల మీద కూర్చుని సబక్ చెప్పుకుంటున్నాడు. పహలా కామ్, దూస్రా కామ్, తీస్రా కామ్. మొదటి పని, రెండో పని, మూడో పని. చివరిదాకా చెప్పి మళ్లీ మొదలుపెడుతున్నాడు. అప్పలస్వామి బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. చింతపండు ఇంకా అందులోనే ఉంది.

"అంత అరిచాడు ఉస్తాద్. తప్పు కట్టానేమో అనుకుని వదులు చేశాను" అన్నాడు ఆపరేటరు.

అప్పలస్వామి చావు మీద విచారణ జరిగింది. వాడికి కట్టు నేర్పిన ఉస్తాదుని పిలిచారు. అప్పుడు ఆయనా హవల్దారే. నేను సాక్షిని, అదే గదిలో నిలబడి ఉన్నాను. ఆయన నిటారుగా నిలబడి చెప్పాడు. "నా దగ్గర పూర్తి మార్కులతో పాసయ్యాడు సర్. చివర్న శక్ అడిగాను. లేదన్నాడు."

అంతే. తప్పంతా ఆపరేటరు నెత్తిన పడింది. వాడు వీలు చూసుకుని నౌకరీ వదిలి వెళ్లిపోయాడు. ఉస్తాదుకి ప్రమోషన్ వచ్చింది.

ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పుడే నాకొక కోరిక పుట్టింది. ఆయన చెయ్యెత్తాలి. ఒక స్క్వాడు ఎదుట, నాకు శక్ ఉంది అని ఆయన నోటితో ఆయన అనాలి. అది నా కళ్లతో చూడాలి. ఆ కోరిక ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి వెంటబెట్టుకుపోయాను. ఇప్పుడు ఢిల్లీలో రెండో షెడ్డు గుమ్మంలో ఆయన గొంతు.

ఇప్పుడాయన సుబేదార్ సాబ్. నన్ను గుర్తుపట్టలేదు. మీసం నెరిసింది. యూనిఫారం మడత మీద చెయ్యి పెడితే తెగేలా ఉంది. టీ తెప్పించాడు.

"మదరాసీ?" అన్నాడు.

"ఆంధ్రా సాబ్."

"ఏక్ హీ బాత్," అన్నాడు, రెండూ ఒకటేనని. "చూడు, ఇక్కడ నువ్వు నాకు సహాయకుడివి. నా స్క్వాడుని నిద్రలో లేపి అడిగినా సబక్ చెబుతుంది."

"తెలుసు సాబ్. విన్నాను" అన్నాను. టీ తాగేశాను. మంచి టీయే. అల్లం వేసి పెట్టించాడు.

క్వార్టరు దొరక్క, మా ఆవిడ వచ్చాక జనక్‌పురిలో మేడ మీద రెండు గదులు తీసుకున్నాం. కింద పోర్షన్‌లో ఇంటావిడ, పంజాబీ ఆంటీ. అంత పెద్ద మనిషికి మా ఆవిడ దోసెల మీద మనసైంది. ఒక ఆదివారం మా వంటింట్లో నిలబడింది. నేను గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. మా ఆవిడ పెనం ఎంత కాగాలో చెప్పలేదు, పిండి ఎంత పలచనో చెప్పలేదు. గరిటె ఆంటీ చేతిలో పెట్టి పక్కకి జరిగింది. మొదటి దోసె ముద్దయింది. రెండోది చిరిగింది. ఆంటీ నవ్వి, మా ఆవిడ మొహం చూసింది. మా ఆవిడ గిన్నె ముందుకు తోసింది, అంతే. నాలుగోదో ఐదోదో గుండ్రంగా వచ్చింది. ఆంటీ తనలో తాను మాట్లాడుకుంటోంది. మంట తగ్గించాలి, చెయ్యి మధ్యలోంచి తిరగాలి అని. ఎవరూ చెప్పని మాటలు.

ఆంటీ కిందికి దిగాక, అదేం నేర్పడమే, నోరు విప్పలేదు అన్నాను.

"నానేటి సెప్పినా పెనం సెప్పినట్టుంటాదేటి? పాడయితే పిండే కదా పాడయింది" అంది. ఆగి, "నోరు మూసుకోడం మీకు కొత్తగానీ మంచి పనే" అంది.

ఆ రాత్రి నాకు పాఠం దొరికింది. నేర్పేవాడి మాటలు లెక్కలోకి రావు. నేర్చుకునేవాడి చేతికి పని తగలాలి. తప్పు ఇక్కడే చేసెయ్యాలి, కొండ మీద కాదు. అందరూ దీన్ని మంచి ఆలోచన అంటారు. నా మనసులో మాత్రం మంచితనం ఏమీ లేదు. సుబేదార్ సాబ్ చెయ్యి కిందనుంచి పైకి లేపడానికి నాకొక మీట దొరికింది, అనుకున్నాను.

వింగులో ట్రైనింగ్ చూసే మేజరు ఒక డాక్టరమ్మ. మేడం అంటాం. మాట తక్కువ, నడక ఎక్కువ. కొత్త బ్యాచ్ వచ్చింది, వర్షాలు పూర్తిగా తగ్గకముందే వాళ్లు కొండమీదికి పోవాలి. మేడం నన్ను పిలిచి, నువ్వు పైన పనిచేశావు కదా, ఈ కట్టు పాఠంలో ఏం మారుస్తావు అని అడిగింది. సగం బ్యాచ్ నాకివ్వండి మేడం, మిగతా సగం సుబేదార్ సాబ్ దగ్గర ఉండనివ్వండి, వారం తర్వాత రెంటినీ మీరే చూడండి అన్నాను. "ఠీక్ హై" అని ఆమె నడిచి వెళ్లిపోయింది.

నా షెడ్డులో గోడ బొమ్మ తీసేశాను. జవాన్లందరికీ స్టోరునుంచి చలికాలపు ప్యాంట్లు ఇప్పించాను, మూడు పొరలు. కూలరు ఆపించాను. జేబుల్లో శనగలు, బ్యాటరీలు, పాత తాళాలు పోయించాను, కొండమీద ఎవడి జేబూ ఖాళీగా ఉండదు కాబట్టి. మెడికల్ రూమునుంచి వాడేసిన సెలైన్ సంచులు, గొట్టాలు తెచ్చాను. సంచిలో ఎర్రరంగు నీళ్లు. గొట్టం తొడ వెంట ప్యాంటు కిందుగా పోతుంది. పట్టీ సరిగా బిగిస్తే గొట్టం నొక్కుకుని ధార ఆగుతుంది. వదులైతే మళ్లీ కారుతుంది. చేతులు జారడానికి ఆవనూనెలో రంగు కలిపాను. జనక్‌పురి కొట్టువాడు డబ్బా తూస్తూ, ఇంత నూనె ఎందుకు భాయ్ సాబ్, అచార్ పెడుతున్నారా అన్నాడు, ఊరగాయా అని. అవునన్నాను. ఎవరిదో చెప్పలేదు.

అన్నిటికంటే ముఖ్యమైంది గాయపడ్డవాడి వేషం వేసేవాడు. పాత క్లాసులో గాయపడ్డవాడు సావధాన్‌లో, అంటే అటెన్షన్‌లో నిలబడ్డవాణ్ణి పడుకోబెట్టినట్టు ఉండేవాడు. కళ్లు మూసుకుని, నోరు మూసుకుని. నా క్లాసులో వాడి డ్యూటీ అరవడం. సొంత భాషలో అరవాలి. కట్టేవాడి చెయ్యి పట్టి లాగాలి. బతిమాలాలి, తిట్టాలి. హర్యానా వాడొకడు మొదటిరోజు తిట్టిన తిట్లకి తమిళవాడు పట్టీ వదిలేసి నవ్వుతూ కూలబడ్డాడు. ఎర్రనీళ్లు వాడి మోకాళ్ల కింద మడుగు కట్టాయి. తమిళవాడు ఆ మడుగు చూసి నవ్వు ఆపాడు.

కోయీ శక్ అని అడగలేదు. "ఎక్కడ తప్పింది?" అని అడిగాను. తప్పలేదన్నవాడు మళ్లీ చెయ్యాలి. మూడోరోజుకి వాళ్లే అడగడం మొదలుపెట్టారు. అరుపు ఆగిపోతే మంచిదా చెడ్డదా ఉస్తాద్? జేబు ముందు ఖాళీ చెయ్యాలా, ఇంకా పైకి కట్టాలా? నాకు తెలియనివి మేడం దగ్గరికి వెళ్లి అడిగొచ్చేవాణ్ణి.

చూపించే రోజు వచ్చింది. పొద్దున్న ఏడుకే ఉక్కపోత. మొదట సుబేదార్ సాబ్ స్క్వాడు. ఒకడు నిశ్శబ్దంగా పడుకున్నాడు, ఒకడు సబక్ చెబుతూ కట్టాడు. అక్షరం తప్పలేదు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. తర్వాత నా వాళ్లు. ఒకడు అరిచాడు, ఒకడు అరుపు వినబడనట్టు జేబు దులిపి, పట్టీ పైకి జరిపి, పుల్ల తిప్పాడు. ధార ఆగింది. షెడ్డు రొచ్చురొచ్చుగా ఉంది.

మేడం సుబేదార్ సాబ్ స్క్వాడులో మొదటి మార్కుల వాణ్ణి పిలిచి నా గాయపడ్డవాడి పక్కన కూర్చోబెట్టింది. వాడు కట్టాడు. అరుపు మొదలయింది. వాడు సుబేదార్ వైపు చూశాడు, పుల్ల వెనక్కి తిప్పాడు. ఎర్రనీళ్లు కారాయి.

"డర్‌పోక్," అన్నాడు సుబేదార్ సాబ్. పిరికివాడా అని.

నేను సావధాన్‌లో నిలబడ్డాను. "సాబ్, స్క్వాడ్ నమూనా అడుగుతోంది."

నమూనా అడిగితే కాదనకూడదు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. గొట్టం కట్టించుకుని గాయపడ్డవాడిగా నేనే పడుకున్నాను.

మంచి చేతులాయనవి. చకచకా చుట్టాడు, పుల్ల తిప్పాడు. నా తొడ ఎముకదాకా నొప్పి దిగింది. ధార ఆగింది. అప్పుడు నేను అరిచాను. ఇన్నేళ్లు చెవిలో దాచుకున్న మాటలు, అదే గొంతుతో.

"ఒగ్గీరా బావూ, ఒగ్గీ. కాలిరిగిపోతంది."

ఆయన చెయ్యి ఆగింది. నేను ఆయన మణికట్టు పట్టుకుని లాగాను. మళ్లీ అరిచాను. పైన విమానం వచ్చింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. పహలా కామ్, దూస్రా కామ్. విమానం చప్పుడులో ఏమీ వినబడలేదు, పెదాలే కనబడ్డాయి. ఆ పెదాలని నేను ఇంతకుముందు ఇంకో మొహం మీద చూశాను. పుల్ల ఆయన వేళ్ల మధ్య మెల్లగా వెనక్కి తిరిగింది. ఎర్రనీళ్లు నా కాలి కిందినుంచి పాకి మేడం బూటుదాకా వెళ్లాయి. ఆమె కాలు వెనక్కి తియ్యలేదు.

విమానం పోయింది. నేను పడుకున్నచోటునుంచే అడిగాను.

"కోయీ శక్, సాబ్?"

ఆ మాటకి జవాబు ఆయన నాలుక చివర ఇరవై ఏళ్లుగా ఉన్నదే. రాలేదు. ఆయన నా మొహంలోకి చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు. విచారణ గది, సాక్షి. మోకాళ్ల మీద కూర్చునే ఉన్నాడు. కుడి చెయ్యి పైకెత్తాడు.

"హై," అన్నాడు. ఉంది అని. తర్వాత, "ఆ వైర్‌లెస్ వాడు... వాడూ ఇలాగే వదిలాడా?"

"ఇలాగే సాబ్. మీ క్లాసులో గాయపడ్డవాడు ఎప్పుడూ అరవలేదు."

మేడం ఆ రోజునుంచి పాఠం మార్చేసింది. రెండు స్క్వాడులూ నా షెడ్డుకే వచ్చాయి. మర్నాడు పొద్దున్న సుబేదార్ సాబ్ కూడా వచ్చాడు, చలికాలపు ప్యాంటు వేసుకుని. గాయపడ్డవాడిగా నేను పడుకుంటాను అన్నాడు. ఆయన హోదాకి ఆ పని తగదు, వద్దనాల్సింది నేనే. వద్దనలేదు. మొదటి కట్టు నేనే కట్టాను. ధార ఆగాక ఇంకొక చుట్టు తిప్పాను. ఆయన నిజంగానే అరిచాడు. జవాన్లు బాగా నేర్చుకున్నారు. ఆ చుట్టు గురించి నాకు ఇప్పటికీ బాధ లేదు.

ఆ బ్యాచ్ కొండకి వెళ్లాక ఒక సెలవురోజు మెట్రో ఎక్కి గురుగ్రామ్ పోయాను. ఆపరేటరు అక్కడ ఒక అద్దాల భవనం గేటు దగ్గర గార్డుగా ఉన్నాడని పాత స్నేహితుడు చెప్పాడు. పొట్ట వచ్చింది, మాట తగ్గింది. కార్లు ఆపి అడుగున అద్దం పెట్టి చూస్తున్నాడు. డ్యూటీ మారేదాకా ఎదురుగా నిలబడి, తర్వాత అంతా చెప్పాను. కట్టడం, అరవడం, పుల్ల తిరగడం.

"హాథ్ ఉఠాయా?" అన్నాడు. చెయ్యెత్తాడా?

"ఎత్తాడు."

"సబ్ కే సామ్నే?"

"అందరి ఎదుటా."

ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఇప్పుడు వదలకుండా కడుతున్నారా ఉస్తాద్?" అన్నాడు.

"ఎంత అరిచినా వదలరు" అన్నాను.

వాడు తలూపాడు. లేచి టోపీ పెట్టుకుని గేటుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ తప్పు వాడి పేరుమీద ఇంకా అలాగే ఉంది. దాన్ని కొట్టేయించడం నా చేతిలో లేదు, మేడం చేతిలోనూ లేదు. ఆ కోపం మాత్రం నాతోనే ఉంది, ఉండనీ.

నౌకరీ ముగిసి నిజాముద్దీన్‌లో రైలెక్కాం. అదే నల్ల పెట్టె, అదే పక్కచుట్ట, ఇంకా మా ఆవిడ దోసెల పెనం. దాన్ని ఆంటీకి ఇచ్చేద్దామంటే ఒప్పుకోలేదు, ఆవిడకి కొత్తది కొనిపెట్టింది. విజయనగరంలో దిగేసరికి చిరుజల్లు పడుతోంది. ఊళ్లో పిల్లలు తుపాకీ కబుర్లు చెప్పమంటారు. చెబుతాను. నా కళ్లముందు మాత్రం తుపాకీ ఉండదు. ఒక రేకుల షెడ్డు ఉంటుంది. మోకాళ్ల మీద ఒక ముసలి ఉస్తాద్. పైకెత్తిన చెయ్యి, మణికట్టుదాకా ఎరుపు. ఎర్రనూనె వాచీ బెల్టు కిందినుంచి మోచేతికి జారి, ఆ ఇస్త్రీ మడతలోకి ఇంకుతూ ఉంటుంది. ఆయన చెయ్యి దించడు. నేను దించమనను.